పాడకుంటే పట్టుకొని రా

సంజీవప్ప ప్లాస్టరును పళ్లతో తుంచి, ట్రాక్టరు పాటల పెట్టె నెత్తిన అంటించి, బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు. దెబ్బ తగిలితే వేసుకునే ప్లాస్టరే అది. దాని మీద నీలం పెన్నుతో రాసి ఉంది: "దీనికి పెద్ద పెన్‌డ్రైవ్ వద్దు. పాడకుంటే పట్టుకొని రా." కింద సంతకం కూడా పెట్టాడు, ఆస్తి రాసిస్తున్నంత గంభీరంగా.

పెనుకొండ బస్టాండు ఎదురుగా, ఒక బట్టల కొట్టు మెట్ల కింద ఉంది అతని దుకాణం. లేచి నిలబడితే తల తగులుతుంది కాబట్టి అతను నిలబడడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని క్యాసెట్లు నింపాడు, సీడీలు నింపాడు, మెమరీ కార్డులు నింపాడు, ఇప్పుడు పెన్‌డ్రైవులు నింపుతున్నాడు. పొట్టి మనిషి. చెవులు మాత్రం కాస్త పెద్దవి. హెడ్‌ఫోన్లు పెట్టీ పెట్టీ నడినెత్తిన జుట్టు గాడి పడిపోయింది.

పాటలన్నీ ఫోన్లలోకి వచ్చాక సంజీవప్ప పనైపోయిందని ఊరంతా అనుకుంది. కాలేదు. ఆటోలవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు, మగ్గాలవాళ్లు మిగిలారు. చేతులు ఖాళీ లేనివాళ్లు ఫోను గీకుతూ కూర్చోలేరు కదా. పైగా ఒక్కో పెట్టెకు ఒక్కో పత్యం. ఒకటి తిన్నది ఇంకొకటి తినదు. ఆ పత్యాలన్నీ తెలిసిన వైద్యుడు ఈ చుట్టుపక్కల సంజీవప్ప ఒక్కడే. డాక్టరు తనకు రాసిచ్చిన గుండె మాత్రల విషయంలో మాత్రం అంత శ్రద్ధ లేదు. అవి చొక్కా జేబులో అట్టతో సహా భద్రంగా ఉన్నాయి.

"ఏమప్పా సంజీవప్పా, మళ్లా తప్పే ఎక్కిచ్చినావు."

తలెత్తి చూశాడు. ధర్మవరం సిద్ధమ్మ. చంకలో సంచి, ముఖాన చెమట. పది రోజుల్లో రావడం ఇది మూడోసారి.

సిద్ధమ్మ, ఆమె భర్త చౌడప్ప పట్టుచీరలు నేస్తారు. పెద్ద అంచు చీరకు ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పోగును అటూ ఇటూ మోసే నాడెల్లో నడుమ నాడె ఆమెది, అంచు నాడె అతనిది. నలభై ఏళ్లు చౌడప్ప పాడుతూ నేశాడు, ఆ పాటకు ఆమె కాళ్లు మగ్గం తొక్కాయి. కిందటేడు గొంతు ఆపరేషనయ్యి మనిషి బతికాడు గానీ మాట పోయింది, పాట పోయింది. అప్పటినుంచి ఇద్దరి చేతులూ కలవడం లేదు. అంచు ఒకచోట వదులు, ఒకచోట బిగువు. ఇక మగ్గం విప్పేద్దామని చౌడప్ప పలక మీద రాసి చూపించాడు.

అప్పుడు సిద్ధమ్మకు గుర్తొచ్చింది వీడియో. ఆపరేషనుకు రెండు నెలల ముందు వాళ్ల వీధిలో పాట కచ్చేరి జరిగితే, చౌడప్ప స్టేజీ ఎక్కి తన మగ్గం పాటే పాడాడు. అల్లుడు ఫోన్లో తీశాడు. అందులోంచి పాట ఒక్కటీ తీసి, మగ్గం గుంజకు కట్టిన పెట్టెలో వినిపించాలి. అంతే పని.

మొదటిసారి తప్పు సంజీవప్పదే. వీడియోలోంచి ఊడివచ్చిన పాట వేరే రకంది. దాన్ని మార్చకుండా, తొందరలో పేరు చివర ఎంపీత్రీ అని మాత్రం రాసి పంపాడు. పేరు చూసి మోసపోయే పెట్టె కాదది. టింగుమని ఊరుకుంది. రెండోసారి నిజంగానే ఎంపీత్రీగా మార్చి, హెడ్‌ఫోన్లలో మొదటినుంచి చివరిదాకా విని మరీ ఇచ్చాడు.

"పాడల్యా ఏమి?"

"పాడతాండాది. నిద్రమొగంతో పాడతాండాది. మా ఆయన పాట గాదది."

సంజీవప్ప అదే పెన్‌డ్రైవును తన పెట్టెకు పెట్టాడు. చౌడప్ప గొంతు ఖణేలుమంది. సిద్ధమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఈడ బాగుండాది," అని ఒప్పుకుంది. "ఆడ మాత్రం నిదానం."

"అది నీ అనుమానం లేక్కా. పాట యాడైనా ఒకటే."

"అనుమానం నాకుంటాదేమో, నా కాళ్లకు ల్యా. తొక్కబోతే కాలు ముందు పడతాండాది, పాట ఎనక వస్తాండాది."

అతనికి రోషం వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల చెవులు తనవి, వాటిని రెండు కాళ్లు తప్పుపట్టడమా! లాప్‌టాప్ సంచిలో వేసుకున్నాడు. "పా అక్కా, పొయ్యి నీ పెట్టెనే అడుగుదాం," అంటూ షట్టరు లాగేశాడు.

స్టేషను మెట్ల మీద రెండుసార్లు ఆగాడు. భార్య ప్రమీల ఫోను చేసి, "మాత్ర ఏసుకుంటివా?" అంది. "ఏసుకుంటి" అని సునాయాసంగా అబద్ధమాడి, ఆమె కట్టిచ్చిన రాగిముద్దా చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ రైల్లో సిద్ధమ్మతో కలిసి తిన్నాడు. ధర్మవరం వచ్చేదాకా ఏ ఆటోలో ఏ పెట్టె ఉందో, దాని పత్యమేమిటో చెబుతూనే ఉన్నాడు. ఆమె సగంలో నిద్రపోయినా ఆపలేదు.

చౌడప్ప మగ్గం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నవ్వి, చేత్తో రమ్మన్నాడు. సంజీవప్ప పాట పెట్టాడు. నాలుగు చరణాలూ విని, మళ్లీ మొదటినుంచి పెట్టి ఈసారి ఫోన్లో సమయం చూశాడు. వీడియోలో ఆ పాట సరిగ్గా ఆరు నిమిషాలు. ఈ పెట్టెలో ఆరు నిమిషాల ముప్పై రెండు సెకన్లు.

"అక్కా," అన్నాడు, "నీ కాళ్లకు దండం."

చెవులు ఓడిపోయినందుకు బాధపడాల్సిందిపోయి, మనిషికి పండగలా ఉంది. ఇట్లాంటి రోగం ఇన్నేళ్లలో చూడలేదు. మంచం మీద కూలబడి వివరించాడు. ఫోను వీడియో తీసేటప్పుడు శబ్దాన్ని సెకనుకు నలభై ఎనిమిది వేల ముక్కలుగా కోస్తుంది. దుకాణంలో పెట్టెకు ఆ లెక్క వచ్చు గానీ, ఈ పాత పెట్టెకు సెకనుకు నలభై నాలుగు వేల నూరు ముక్కలే తెలుసు. మిగిలినవాటిని తర్వాతి సెకనులోకి నెడుతుంది. అట్లా నెట్టీ నెట్టీ పాట సాగుతుంది, గొంతు బరువెక్కుతుంది.

చౌడప్ప పలక అందుకుని రాశాడు: "ముసలోణ్ణి చేసింది నన్ను."

ముగ్గురూ నవ్వారు. చౌడప్ప నవ్వుకు శబ్దం లేదు గానీ భుజాలు బాగా ఊగాయి.

సంజీవప్ప పాటను నలభై నాలుగు వేల నూరుకు దించి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మీట నొక్కాడు.

గొంతు లేచింది. సిద్ధమ్మ వెళ్లి మగ్గం గుంతలో కాళ్లు పెట్టింది. చౌడప్ప లేచి తన చోట కూర్చున్నాడు. మొదటి రెండు పోగులు తడబడ్డాయి. మూడోదానికి అతని పెదవులు తన పాటనే అందుకున్నాయి. నాలుగోదానికి ఆమె నాడె వెళ్లింది, అతని నాడె ఎదురొచ్చింది, మగ్గం దెబ్బ సరిగ్గా పాట మీద పడింది. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. వాళ్లు ఆపలేదు. జానెడు అంచు ఎక్కడా వంక లేకుండా వచ్చింది. సిద్ధమ్మ దాని మీద వేలు నడిపి, "మగ్గం ఇప్పేది ల్యా," అంది. అంటూ ఏడ్చింది.

అంత సంతోషం సంజీవప్పకు అంతకుముందు ఏ పాట ఎక్కించినప్పుడూ కలగలేదు. ఎంతమంది పాటలు విన్నాడో, ఇంతకాలం. ఒక పాట చేసే పనిని కళ్లారా చూడటం ఇదే మొదలు. జేబులోంచి ప్లాస్టరు తీసి, తుంచి, రాసి, పెట్టె నెత్తిన అంటించాడు.

ఐదు గంటల ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి సీట్లో పూలబుట్టతో కూర్చున్నామె తర్వాత చెప్పింది, ఆయన చాలాసేపు మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ వచ్చాడని. తర్వాత తల కిటికీకి ఆనించాడు. పెనుకొండ వచ్చింది, దిగలేదు. హిందూపురంలో అందరూ దిగుతుంటే ఆమె భుజం తట్టి, "అన్నా, ఊరొచ్చిండాది," అంది. వేళ్లు మోకాలి మీదే ఉన్నాయి. జేబులో మాత్రల అట్ట చెక్కుచెదరకుండా ఉంది.

ప్రమీల మూడు రోజులు ఆ అట్టను తిట్టింది. మెట్ల కింద షట్టరు ముందు ఆటోలవాళ్లు వచ్చి కాసేపు నిలబడి వెళ్లారు. మనిషి పోయాడు గానీ అతని రాతలు చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాయి, ఆటోల్లో, ట్రాక్టర్లలో.

ధర్మవరంలో ఆ చీర పూర్తయి, ఇంకో చీర మగ్గమెక్కింది. దెబ్బ పడినప్పుడల్లా గుంజకు కట్టిన పెట్టె అదురుతుంది, దాని మీది ప్లాస్టరు ఒక మూల లేస్తుంది. పొద్దున పాట పెట్టేముందు చౌడప్ప దాన్ని బొటనవేలితో రెండుసార్లు రుద్దుతాడు: "దీనికి 44,100 మాత్రమే. పాడకుంటే పట్టుకొని రా. – సంజీవప్ప."