అచ్చులో ఖాళీ సందు

సదానందం సేటు జంపకానా మడత విప్పి, నడుమ నిలువుగా పోయిన సన్న గీత మీద వేలు పెట్టాడు.

“మొండయ్యా, నాలుగేండ్ల సంది గిదే గీత. మల్ల కనబడితే మాల్ తీసుకోను. కండ్లు లేవా నీకు?”

కళ్ళున్నాయి. ఆ గీత ఎవరిదో కూడా తెలుసు.

నాలుగేళ్ళ కింద ఈ మగ్గానికి మొదటిసారి పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించిన నాడు నేను వెనక నుంచి పోగు అందిస్తుంటే, ముందు కూర్చుని దువ్వెన లాంటి అచ్చు సందుల్లోంచి లాగింది నా భార్య సావిత్రి. ఒక్క సందు ఖాళీగా వదిలేసింది; గుడ్డలో అక్కడ గీత పడింది. గీత చూసి, మా కొత్తవాడ వీధంతా వినేలా “గుడ్డిదానా” అన్నాను. మూడో నాడు నర్సంపేటలోని తన తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి పడుగు అయిపోయినప్పుడల్లా అచ్చులో ఉన్న పాత కొసలకే కొత్త పోగులు ముడివేశాను. నూలు మారింది, దారి మారలేదు. నేసిన ప్రతి జంపకానా మీదా ఆ గీత వెంట వేలు రాసేవాణ్ణి. ఇంట్లో ఆమె చేతి పని అదొక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం నా బిడ్డ అనూష కాలేజీలో కంప్యూటర్ పరీక్షకు చదువుతోంది. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఏందే అది, గంట సంది ఒక్కటే చదువుతున్నవ్?”

“ఇనిషియలైజేషన్, అసైన్‌మెంట్ నాయినా. వేరియబుల్ అంటే విలువ దాచే డబ్బా. అది పుట్టంగనే పెట్టే విలువ మొదటిది. ఆనక మార్చేది రెండోది. గీ రిఫరెన్స్ ఉంది జూడు, వేరియబుల్‌కు ఇంకో పేరు, దాన్ని పుట్టంగనే ఒక వేరియబుల్‌కు కట్టాలె. ఆనక ఎన్ని విలువలు మార్చినా ఆ కట్టు మారది.” మగ్గం దిక్కు చూసి నవ్వింది. “అమ్మ అచ్చు నింపుడు మొదటిది. నువ్వు ముళ్ళేసుడు రెండోది.”

“మొదట్లనే తప్పు పోతే?”

“మొదటికెల్లి చెయ్యాలె.”

“గీ ముచ్చటకు కాలేజెందుకే? మగ్గం మీద కూసుంటే తెలుస్తది.”

“తెలిసే ఆ గీత నాలుగేండ్లు ఉంచినవా?”

లేచి, ఖాళీ సందు నుంచి అంచు దాకా పోగులన్నీ ఊడదీశాను. ఇప్పుడు ఒక్కో పోగును ఒక సందు పక్కకు జరిపి గుచ్చాలి. వెనక నుంచి అందించే మనిషి కావాలి.

“నాకు పరీక్షుంది,” అని అనూష అమ్మకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

“నేనే సావిత్రీ. అచ్చు మల్ల నింపాలె.”

“గుడ్డిదాంతోని ఏం పని?”

“ముందు నేను కూసుంట. నువ్వు పోగు అందియ్యి.”

“కండ్లద్దాలు పెట్టుకుంటున్నవా?”

“లేదు.”

“మరి సందులెట్ల కనబడ్తయ్? నేనొచ్చేదాక ముట్టకు.”

వేలాడే పోగుల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.