శాంపిల్‌లో నీళ్లు

పాలకేంద్రం కాంట్రాక్టర్ ధనుంజయ, రెడ్డెమ్మ పాలక్యాన్‌ను కాలితో తన్నాడు. పెద్దపంజాణి దగ్గరి ఆ పల్లెలో ఆమె తెల్లారి పిండిన ఆరు లీటర్ల పాలూ అందరి ముందే మురికికాలవలో కలిశాయి.

"నీళ్లు కలిపేటోళ్లకు ఈడ చోటు లేదు" అన్నాడు.

ఆమె చేసిన నేరం ఒకటే. పాల టెస్ట్ మా కళ్ల ముందర చేయమని అడగడానికి ఆడవాళ్లను కూడగట్టింది. ఆమె పాల శాంపిల్‌లో నీళ్లు కలిపింది కేంద్రం టెస్టర్ శివకుమార్. ధనుంజయ కలపమన్నాడు, ఇతను కలిపాడు.

ఆ రోజు నుంచి శివకుమార్‌కు అన్నం సయించలేదు. అంత గొప్ప మనస్సాక్షి గలవాడు ఏం చేశాడయ్యా అంటే, తిరుమల కొండెక్కి గుండు కొట్టించుకొచ్చాడు. శనివారాలు ఒక్కపొద్దులు మొదలుపెట్టాడు. తనంత పాపి లోకంలో లేడనుకున్నప్పుడల్లా గుండె కాస్త తేలికయ్యేది. ఇక్కడ కల్తీ ముద్ర పడ్డ రెడ్డెమ్మ పాలను పలమనేరు హోటళ్లు కూడా వద్దన్నాయి. ఆ సంగతి దేవుడికి చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

పదోరోజు రెడ్డెమ్మ వెంట అరవైమంది ఆడవాళ్లు పాలు పోయకుండా కేంద్రం ముందు కూర్చున్నారు. పుంగనూరు పాలవ్యాన్ ఖాళీగా పోయింది. ధనుంజయ పోలీసులను పిలిపించాడు. రెడ్డెమ్మ కల్తీ చేసిందని రాసిన కాగితాన్ని ఎస్సై తెచ్చి శివకుమార్ చేతికిచ్చాడు. సంతకం పెడితే ఆమె మీద కేసు, పెట్టకపోతే ఇతని ఉద్యోగం పోతుంది.

శివకుమార్ కాగితం కింద పెట్టేశాడు. ఉన్నట్టుండి రెడ్డెమ్మ కాళ్ల మీద పడ్డాడు.

"కలిపింది నేనేనమ్మా. అంతా నా తప్పే. నేను పాపిష్టోణ్ని."

ధనుంజయ ముఖం వికసించింది. "వింటిరి గదా, వాడే ఒప్పుకుంటాండాడు. ఇప్పుడే వాణ్ని తీసేస్తాండాను. ఇంగ పొయ్యి పాలు పొయ్యండి."

కొందరు లేవబోయారు కూడా. రెడ్డెమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"లెయ్యప్పా. నీ ఏడుపు నేనేం సేసుకునేది? పాపమంతా నీ నెత్తినేసుకోని ఈ ధనుంజయప్పను తప్పించి ఇంటికి పంపిస్తాండావు. కొండ మీదన్నా ఈయప్ప పేరు సెప్పినావా?"

చెప్పలేదు. దేవుడి ముందు కూడా యజమానికి నౌకరీయే చేసి వచ్చాడు. శివకుమార్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈసారి ఆ అసహ్యంలో సుఖం లేదు.

లేచి నిలబడ్డాడు. "ధనుంజయే కలపమన్నాడు. రెడ్డెమ్మకొక్కదానికే కాదు, నోరెత్తినోళ్లందరికీ. సుమలతక్కా, నీకు రెండుతూర్లు కలిపినాను."

జనంలోంచి సుమలత లేచి వచ్చి అతని చెంప పగలగొట్టింది. తర్వాత పక్కనే నిలబడి వీడియో ఆన్ చేసి ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"ఇంగోతూరి సెప్పు. గట్టిగా సెప్పు."

చెప్పాడు. ఎస్సై రెడ్డెమ్మనూ శివకుమార్‌నూ జీపెక్కించాడు. ధనుంజయకు కుర్చీ వేయించాడు. అరవైమందీ జీపు ముందు రోడ్డు మీద బారుగా కూర్చున్నారు.

"ఆ కుర్చీలో ఉండేవాణ్ని గూడా ఎక్కించండి సార్" అంది సుమలత. "అప్పుడు దావ ఇస్తాం."