పదమూడా, ముప్పయ్యా

లిఫ్టు మెకానిక్‌కి యాభై నాలుగేళ్లు నిండాక ఇంగ్లీషు నేర్చుకోవాల్సిన గండం వచ్చిపడింది. పెద్ద పెద్ద భవనాల్లో రకరకాల భాషలవాళ్లు చేరారు, ఫోనులో వాళ్ల గోడు అర్థం కాకపోతే కష్టమని సూపర్‌వైజర్ తేల్చేశాడు. దాంతో సాయంత్రం క్లాసులో, కూతురి వయసున్న టీచరమ్మ ముందు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారం పాఠం అంకెలు. "థర్టీన్‌ని సాగదీయాలి, థర్టీని కత్తిరించాలి" అన్నది ఆవిడ సూత్రం. ఇక క్లాసులో తెలుగు ముక్క వినపడిందంటే ఎంతటివాణ్ణయినా నిలబెట్టేసేది. మెకానిక్ ఇంట్లోనూ సాగదీస్తూ, కత్తిరిస్తూ సాధన చేస్తుంటే, పాపం పంటినొప్పి కాబోలని పక్కింటివాళ్లు లవంగాలు పంపారు.

శనివారం పొద్దున ఫోను మోగింది. ఒక భవనంలో లిఫ్టు ఆగిపోయింది. లోపల చిక్కుకున్నది టీచరమ్మే!

"విచ్ ఫ్లోర్, మేడమ్?"

"థర్టీ..." భయానికి ఆవిడ మాట మధ్యలోనే తెగిపోయింది.

కత్తిరించింది గనక ముప్పయ్యే అనుకున్నాడతను. తెలుగులో అడిగి అనుమానం తీర్చుకుందామంటే ధైర్యం చాల్లేదు.

భవనానికి పరుగెత్తేసరికి, రెండో లిఫ్టుకి రంగులేస్తున్నారు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. పదమూడో అంతస్తులో ఎవరో దబదబా బాదుతున్నారు. 'సెలవుపూట కూడా మేకులు కొట్టడమేమిటో!' అని విసుక్కుని పైకి సాగాడు. ఇరవై దాటాక మోకాళ్లు మొరాయించాయి. ముప్పయ్యికి చేరేసరికి ప్రాణాలు కళ్లలోకి వచ్చాయి. లిఫ్టు తలుపు తట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోను తీశాడు.

"మేడమ్, ఐ యామ్ థర్టీ!"

"నో! యూ ఆర్ ఆన్ ద థర్టీయెత్ ఫ్లోర్!" అంత చెమటలోనూ తప్పు దిద్దింది టీచరమ్మ. మరుక్షణం తాను దిద్దినదేమిటో తెలిసి గొల్లుమంది. "ముప్పయ్యేంటి బాబాయ్! పదమూడు! పద... మూడు!"

"ఆ ముక్క ముందే అనొచ్చుగా తల్లీ!"

"మీరైనా అడగొచ్చుగా!"

"అడిగితే నిలబెడతావుగా!"

పదిహేడంతస్తులు దిగొచ్చి, తాళంచెవితో లిఫ్టు తలుపు తెరిచి, ఆవిణ్ణి చెయ్యిపట్టి దింపాడు. ఆపైన తనే మెట్ల మీద చతికిలబడితే, టీచరమ్మ తన నీళ్ల సీసా అందించి విసనకర్రలా పుస్తకంతో విసిరింది.

సోమవారం క్లాసులో బోర్డు మీద కొత్త సూత్రం వెలసింది: అనుమానమొస్తే 'వన్, త్రీ' అని అంకెలు విడివిడిగా పలకాలి, అప్పటికీ తెలియకపోతే నిక్షేపంలా తెలుగులో అడగాలి. తర్వాత టీచరమ్మ మెకానిక్‌ని లేపి, జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పమంది. అతను మెట్టుకో తప్పు చొప్పున ముప్పై అంతస్తులూ ఎక్కించాడు. క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆవిడ మాత్రం ఒక్క తప్పూ దిద్దలేదు, "ఊఁ, అప్పుడు?" అంటూ కూర్చుంది.