తొంభై కిలోల ఫోర్కులు

పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన ఒక రేకుల షెడ్డులో నర్సింహ ముప్పై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాడు. ఇంజను పని ఎవరైనా చేస్తారు, ముందు చక్రాన్ని పట్టుకుని గతుకుల కుదుపు తట్టుకునే ఫోర్కులు సరిచేయడం మాత్రం తనకే వచ్చని ఆయన నమ్మకం. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. కూతురు ప్రశాంతి మూడేళ్లుగా షెడ్డులోనే పని చేస్తోంది. బ్రేకులు, చైన్లు, క్లచ్చులు అన్నీ ఆమె చేతికొచ్చాయి గానీ, ఫోర్కుల దగ్గరికొస్తే చాలు "జరుగు బిడ్డా" అనేవాడు.

ఆయన పద్ధతి ఒకటే. ఫోర్కుల పైనున్న స్క్రూలు తిప్పి లోపలి స్ప్రింగులు బిగించడం, తానే బండెక్కి సందు చివరి స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి పోయి రావడం. తనకు సుఖంగా అనిపిస్తే బండి సిద్ధమైనట్టే.

ఒక శనివారం పొద్దున కిరణ్మయి అదే బండితో మూడోసారి వచ్చింది. ఉండేది ఆ పక్క అపార్ట్‌మెంట్‌లోనే, ఉద్యోగం మాదాపూర్‌లో. పోయినేడు విరిగి అతికిన మణికట్టు ఆమెది.

"ఏమనుకోకండి నర్సింహగారూ. గతుకు గతుక్కీ ప్రాణం పోతోంది. ఈసారి కూడా కుదరకపోతే అమ్మేస్తానండి. మొదటి ఉద్యోగంలో ముచ్చటపడి కొనుక్కున్న బండి" అంది.

నర్సింహ ముఖం మాడిపోయింది. ఆయన చేసిన ఫోర్కులు భరించలేక బండే అమ్ముకున్నారట అన్న మాట పుట్టిందంటే, ఇక షెడ్డు తెరిచినా మూసినా ఒకటే.

"ఏందమ్మా గట్లంటవ్? మొన్న నేనే తోలి చూస్తిని. మస్తు మెత్తగ పోయింది."

"నువ్వు తోలినవ్ నాయినా. తోలాల్సింది అక్క కదా" అంది ప్రశాంతి, చేతులు తుడుచుకుంటూ.

నర్సింహ కళ్లెర్రజేశాడు. ప్రశాంతి లక్ష్యపెట్టలేదు. ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం పైకి లేపింది. ఫోర్కు ఎంత కుంగుతుందో చూడ్డానికి దాని మెరిసే గొట్టం చుట్టూ ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టి, అడుగుకంటా జరిపింది. బండి దించి, కిరణ్మయిని ఆఫీసు బ్యాగుతో సహా ఎక్కించి దింపింది. ట్యాగు అర వేలి మందం పైకి జరిగింది, అంతే.

మళ్లీ చక్రం లేపి ట్యాగును అడుగుకు జరిపి, బండి దించి, "ఇగ నువ్వెక్కు నాయినా" అంది.

నర్సింహ ఎక్కి దిగాడు. ట్యాగు రెండు వేళ్ల మందం జరిగింది.

ఆయన ట్యాగును చూశాడు, కిరణ్మయిని చూశాడు. తానేమో తొంభై కిలోలు. ఆ అమ్మాయి బ్యాగుతో కలిపినా యాభై దాటదు. రెండుసార్లూ తన ఒంటికి సరిపడా బిగించి ఆమె చేతికిచ్చాడన్నమాట. ముప్పై ఏళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ప్రశాంతి రెండు వైపులా స్క్రూలను ఒకే లెక్కన వదులు చేసింది. ఎక్కించి చూసింది, ఇంకాస్త వదులు చేసింది. నాలుగోసారికి కిరణ్మయి కూర్చున్నా ట్యాగు రెండు వేళ్ల మందం జరిగింది.

కిరణ్మయి స్పీడ్ బ్రేకర్ దాటింది. తిరిగొచ్చి, నమ్మకం చాలక మళ్లీ దాటింది. హెల్మెట్ తీసేసరికి ముఖమంతా నవ్వే.

"చెయ్యి నొప్పన్న సంగతే గుర్తు రాలేదండీ!"

నర్సింహ పక్కకెళ్లి, మొన్ననే ఫోర్కులు చేయించుకుపోయిన ఒకాయనకు చేద్దామని ఫోన్ తీశాడు.

"స్వామీ, నీ బండి మల్ల తీస్కరా. మొన్న నీ బరువుకు గాదు, నా బరువుకు బిగించిన. తప్పు నాదే."

అవతల స్వామి ఏదో అడిగాడు.

"ఎవరు చేస్తరంటే? మా బిడ్డ చేస్తది. నాకంటె మంచిగ చేస్తది, ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాత ఇంకో నంబరు, ఆ తర్వాత ఇంకొకటి. నర్సింహ గర్వం ఆ రోజుతో అణిగిందనుకునేరు, పిసరంత కూడా తగ్గలేదు. మా బిడ్డ, మా బిడ్డ అంటూ ఆయన గొంతు సందు చివరిదాకా, అడగనివాళ్లందరికీ వినిపిస్తూనే ఉంది.