లోవా చిటికెనవేలు

ప్రతి అక్టోబరులో మా ఊరి బడివాళ్లు నన్ను పిలుస్తారు. ఏం చదవాలో, ఏం పని చెయ్యాలో తేల్చుకోలేని పదో తరగతి పిల్లల దగ్గరికి రోజుకొకరు వెళ్లి తమ పని గురించి చెప్పాలి. పడవల ఇంజన్లు బాగుచేసే ఆయన ఒక రోజు, పశువుల డాక్టరమ్మ ఒక రోజు, రచయిత్రిని గనక నేనొక రోజు. ఎనిమిది నవలలు రాశాను. రెండు వేల మంది కూడా లేని ఊళ్లో ఎనిమిది నవలలంటే మాటలు కాదు. అయినా మా ఐస్లాండులో ఎవరిని కదిపినా ఓ పుస్తకం రాసే ఉంటారు కాబట్టి మరీ విర్రవీగడానికీ లేదు.

పిల్లలకి నేను చెప్పేది ఏటా ఒకటే. రాయండి. బాగోలేదని భయపడకండి. మీ అమ్మానాన్నలు వద్దన్నా సరే, రాయండి. ఆ ఆఖరి మాటకి పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు ఏడాదికి సరిపడా కడుపు నిండిపోతుంది.

ఈసారి ముందు వరసలో కూర్చున్న ఓ పిల్ల చెయ్యెత్తింది. "బెగ్గా, మీ అమ్మాయికి కూడా ఇదే చెప్తారా?" అంది. మాకు టీచరైనా మంత్రైనా పేరు పెట్టే పిలుపు.

"తప్పకుండా" అన్నాను.

పచ్చి అబద్ధం. అప్పటికి రెండు నెలల ముందే నా కూతురికి రాయొద్దని చెప్పేశాను.

నా కూతురు ఇల్వాకి ఇరవై ఏళ్లు. చదువు కాగానే రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో చేరింది. అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద కాడ్ చేప ముక్కని పరిచి, అందులోని పురుగుల్ని కత్తిమొనతో ఏరే పని. ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే ఓ కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మా, నవల. మొత్తం రాసేశా."

"ఎప్పుడు రాశావే?"

"టీ విరామంలో, బస్సులో, నువ్వు నీ గదిలో తలుపేసుకున్నప్పుడు. మీ పబ్లిషరు కొత్తవాళ్లని నవలలు పంపమంటున్నాడు కదా. నువ్వు బాగుందంటే పంపిస్తా. బాగోలేదంటే జనవరిలో పళ్ల డాక్టరు దగ్గర సహాయకుల కోర్సులో చేరిపోతా. నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మొహమాటం లేకుండా చెప్పు."

ఏదో పిల్ల సరదా అనుకుని, గర్వంగానే ఎర్ర పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను. మూడో పేజీ దాకా గర్వంగానే ఉన్నాను.

మూడో పేజీలో గాజుబల్ల దగ్గర ఒక ఆడమనిషి ఇలా అంటుంది. "మధ్యాహ్నానికి నా చేతులు నావి కాకుండా పోతాయి. ఇంటికెళ్లి గోరువెచ్చటి నీళ్లలో పెడితే ఒక్కో వేలూ వెనక్కొస్తుంది. చిటికెనవేలు ఎప్పుడూ ఆఖరు. ఏదో ఒకరోజు అది రాదు."

నాకు ఒళ్లు మండింది. బాధ కాదు, ఆశ్చర్యం కాదు, అసూయ. ఇరవై ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను, ఇలాంటి మాట ఒక్కటి నా కలం నుంచి రాలేదు. వీధిలో ఎవరి పిల్లో రాసి ఉంటే ఎగిరి గంతేసేదాన్ని, నాలుగూళ్లకి చెప్పేదాన్ని. నా పిల్ల, నేను ముక్కు తుడిచిన పిల్ల, బూట్ల నుంచి చేపకంపు కొట్టుకుంటూ ఇంట్లో తిరిగే పిల్ల రాసింది. దాన్ని నేను భరించలేకపోయాను.

ఆ వాక్యం కింద ఎర్రగా గీత గీసి, పక్కన 'అతి, తీసెయ్' అని రాశాను. ఆ తర్వాత నా చెయ్యి నా మాట వినలేదు. నాకెక్కడ కళ్లు కుట్టాయో అక్కడల్లా గీత పడింది. చప్పగా ఉన్నచోట్ల జోలికే పోలేదు. పోటీ లేని చోట పెన్సిల్ ఎందుకు అరగదియ్యాలి?

మర్నాడు బంగాళాదుంపలు ఒలుస్తూ చెప్పాను. "చూడమ్మడూ, ఇది నీకు పడే దారి కాదు. నడుంనొప్పి, ఒంటరితనం, చేసిన పని బాగుందో లేదో చచ్చేదాకా తెలియదు. హాయిగా ఆ పళ్ల కోర్సు చెయ్యి. పన్ను బాగైతే బాగైందని తెలుస్తుంది."

అదంతా నిజమే. నిజాలన్నీ పేర్చి అంత పెద్ద అబద్ధం ఆడొచ్చని నాకూ అప్పుడే తెలిసింది.

ఇల్వా కట్ట తిరగేస్తూ ఆ ఎర్రగీతలన్నీ చూసింది. "ఒక్కటైనా బాగోలేదా అమ్మా?"

"అక్షరదోషాలు లేవు" అన్నాను.

అది నవ్వడానికి ప్రయత్నించి, కట్టని తీసుకెళ్లి మంచం కింద పెట్టింది. ఆ వారమే పళ్ల కోర్సుకి దరఖాస్తు పంపింది.

అప్పటికి నా తొమ్మిదో నవల నడుస్తోంది. అందులో ఓ చేపల ఫ్యాక్టరీ మనిషి ఉంది. పడుచుతనంలో ఒక్క వేసవి చేసిన పని జ్ఞాపకంతో రాస్తున్నాను, ఆ మనిషి కాగితం మీద నిలబడటం లేదు. ఒకరోజు తొంభయ్యో పేజీలో ఆమె ఇంటికెళ్లి గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టింది. చిటికెనవేలు ఆఖర్న వచ్చింది. కూతురు రాసిన మాట పట్టుకొచ్చి నా పుస్తకంలో పెట్టుకున్నానని తెలుస్తూనే ఉంది. చలిలో అందరి వేళ్లూ అంతేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ వాక్యం వచ్చాక ఆమె లేచి నిలబడింది, నవల పూర్తయింది, పుస్తకం అచ్చుకి వెళ్లిపోయింది.

నవంబరులో కొత్త పుస్తకాల జాబితా ఇంటింటికీ వచ్చింది. క్రిస్మస్‌కి మాకు పుస్తకాలే కానుకలు. వంటింటి బల్ల మీద ఆ జాబితా పడేసి, ఎవరికేది కావాలో వాళ్లు దాని చుట్టూ సున్నా చుట్టాలి. డిసెంబరు నెలంతా రచయితలం కాఫీ వేళకి ఆఫీసులకీ, ఫ్యాక్టరీలకీ, చివరికి ఈతకొలనుల దగ్గరికీ వెళ్లి చదివి వినిపిస్తాం, ఆ సున్నాల కోసమే. చేపల ఫ్యాక్టరీకి ఏటా వెళ్తాను. ఫ్యాక్టరీ గురించి రాసిన పుస్తకం, ఫ్యాక్టరీలో చదవకపోతే ఎలా?

పది గంటలకి యంత్రాలు ఆగాయి. తెల్ల టోపీలు, రబ్బరు బూట్లతో ముప్ఫైమంది భోజనాల గదిలోకి వచ్చారు. దాల్చినచెక్క రొట్టెలు, కాఫీ. బల్లల మీద తడిచేతి ముద్రలు పడ్డ జాబితాలు, వాటిలో నా పుస్తకం చుట్టూ పెన్సిల్ సున్నాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇల్వా ఆఖరి బల్ల దగ్గర కూర్చుంది. అది ఇంకా నా పుస్తకం చదవలేదు. ఇవ్వలేదు నేను.

ఏ పేజీ చదవాలో ముందే ఎంచుకున్నాను, పన్నెండో పేజీ. చప్పట్లు బాగా పడ్డాయి. అక్కడితో ఆపితే సరిపోయేది. ఇంకొకటి చదవమన్నారు. పొగడ్త తలకెక్కి, పుస్తకంలో అన్నిటికన్నా బాగున్న పేజీ తీశాను. తొంభై.

చిటికెనవేలు దగ్గరికి వచ్చేసరికి కప్పుల చప్పుడు ఆగిపోయింది. కదిలిపోయారు అనుకున్నాను.

లోవా లేచింది. అరవై నాలుగేళ్ల మనిషి, గాజుబల్ల దగ్గర నలభై ఏళ్లుగా ఉంది. కుడిచెయ్యి ఎత్తి చూపించింది. చిటికెనవేలు కొయ్యలా పక్కకి తిరిగి ఉంది.

"బెగ్గా, ఆ వేలు నాది. మార్చి నుంచి అది రావడం లేదు. నేను ఇల్వాకి చెప్పా. అది రాసుకుని జూలైలో ఇక్కడే, ఈ బల్ల మీదే, మా అందరికీ చదివి వినిపించింది. పొల్లుపోకుండా ఇవే మాటలు. నీ పుస్తకంలోకి ఎలా నడిచొచ్చాయమ్మా?"

ముప్ఫై తెల్ల టోపీలూ వెనక్కి తిరిగాయి.

ఇల్వా రొట్టె ముక్క పక్కన పెట్టింది. "నేనే ఇచ్చా లోవా. నా కథ ఎలాగూ పక్కన పెట్టేశాగా, నువ్వు వాడుకో అమ్మా అన్నా. ఊరికే పోవడం దేనికి?"

మొహంలో తడబాటు లేదు, గొంతులో ఎక్కువ తక్కువ లేదు. క్షణంలో అల్లింది, అతుకు కనపడలేదు. "అదా సంగతి" అని లోవా కూర్చోబోయింది. అందరూ మళ్లీ కప్పులు అందుకున్నారు. నేను బతికిపోయాను.

బతికిపోయానన్న సంతోషం రెండు గుక్కల కాఫీ తాగేంతసేపు కూడా నిలవలేదు. ఎందుకంటే నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది. వాక్యం నాకన్నా బాగా రాస్తుంది. అబద్ధం నాకన్నా బాగా ఆడుతుంది. ఇప్పుడు మంచితనంలో కూడా నన్ను దాటి పోతానంటే ఇంక నాకంటూ ఏం మిగిలింది? నేను నోరు విప్పింది పశ్చాత్తాపంతో అని ఆ గదిలో అందరూ అనుకున్నారు. అనుకోనీ.

"ఇల్వా ఇవ్వలేదు. నేనే తీసుకున్నా. ఆ మాట బాగోలేదని దానికి చెప్పి, కొట్టేయించి, నేను వాడుకున్నా. కథ మొత్తం బాగోలేదని చెప్పా. అబద్ధం. నాకన్నా బాగా రాసిందని ఏడ్చి చచ్చా."

ఇల్వా మొహం ఎర్రబడింది. అది ఎవరినీ చూడకుండా కాఫీకప్పుని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

లోవా మాత్రం తన ముందున్న జాబితా దగ్గరికి లాక్కుంది. చేపపెట్టెల మీద గుర్తులు వేసే లావాటి నల్ల మార్కరు జేబులోంచి తీసింది. పేజీ అంచున ఖాళీచోట వంకర అక్షరాలతో 'ఇల్వా, వచ్చే ఏడాది' అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. రాసేటప్పుడు ఆ చిటికెనవేలు కాగితానికి తగలకుండా పైకి లేచే ఉంది. తర్వాత మార్కరు పక్క మనిషికి అందించింది. అది బల్ల నుంచి బల్లకి వెళ్లింది. నా పేరు చుట్టూ ఉన్నవన్నీ పెన్సిల్ సున్నాలు. నేను అది కూడా గమనించాను.

గంట మోగింది, అందరూ లేచారు. ఇల్వా చేతితొడుగులు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కట్ట మంచం కిందే ఉందమ్మా. పంపించేముందు ఏవి మార్చాలి? ఈసారి నిజం చెప్పు."

బడిలో పిల్లలకి చెప్పేవన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు.

"ఎర్రగీత ఉన్నచోటల్లా ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు" అన్నాను. "గీత లేనివి మళ్లీ రాయి."

అది నా వంక చూసింది. ఆ కట్టలో ఎన్ని గీతలున్నాయో దానికి తెలుసు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది.