స్టేషన్ టీ గదిలో అక్క

బస్సు దిగిన కాసేపటికే వెర్నన్ కుర్రాడిలా నడవడం మొదలుపెట్టాడు. ఇంట్లో వంటగది ఎటో, స్నానాలగది ఎటో తేల్చుకోలేని మనిషి, కేంబ్రిడ్జ్ సందుల్లో మాత్రం ఎక్కడ ఎడమకి తిరగాలో, ఎక్కడ సైకిళ్ళు మీదికొస్తాయో ఎవరూ చెప్పకుండానే చూసుకుపోతున్నాడు. ఆయన అక్క మావిస్ మోకాళ్ళు పట్టుకుంటూ వెనక పడి వస్తోంది. ఆయనకి ఎనభై, ఆవిడకి ఎనభై మూడు.

"ఒరే వెర్నూ, కాస్త నిమ్మళంగా నడవరా. నాకేమన్నా చక్రాలున్నాయా?"

వెర్నన్ ఆగి, వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా "క్షమించాలి మేడమ్" అన్నాడు.

చలికాలం నుంచీ ఇదే వరస. అక్క అక్క కాదు, మేడమ్. ఒకరోజు నర్సు, ఒకరోజు పక్కింటావిడ, ఒకరోజు ఎవరో తెలియని పెద్దమనిషి. ఇంగ్లండు దక్షిణాన ఒక పెద్ద బడిలో లాటిన్ చెప్పి, భార్య పోయి, మతి తప్పడం మొదలయ్యాక, పుట్టిన చేపల రేవు గ్రిమ్స్‌బీకి వచ్చి అక్క పంచన చేరాడు. మావిస్ కడుపులో పెట్టుకునే చూసుకుంది. కానీ స్నానం చేయిస్తుంటే జారి ఇద్దరూ కలిసి పడ్డప్పుడు, లేవదీసే శక్తి తనలో లేదని ఆవిడకి తెలిసొచ్చింది. సోమవారం అతన్ని ఇలాంటి ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్చాలి.

ఆ సంగతి చెప్పకపోలేదు. చెప్పింది. చెప్పినప్పుడల్లా "మీ దయ మేడమ్" అన్నాడు. ముక్కూమొహం తెలియని మేడమ్ చెబితే అది చెప్పినట్టా? అక్కగా చెప్పాలి. నిన్ను వదిలించుకోవట్లేదురా, నా చేతుల్లో సత్తువ లేదురా, అని చెప్పి అతని చేత ఊఁ అనిపించుకోవాలి. దానికి ముందు అతను ఒక్కసారి, ఒక్క నిమిషం, తనని గుర్తుపట్టాలి. చదువుకున్న ఊరు చూపిస్తే పాత జ్ఞాపకాలు కదులుతాయేమోనని ఆసుపత్రి నర్సు అంది. చర్చివాళ్ళు కేంబ్రిడ్జ్‌కి బస్సు వేస్తున్నారని తెలియగానే మావిస్ రెండు సీట్లు రాయించుకుంది.

నది ఒడ్డున పడవల కుర్రాళ్ళు గడకర్రలు పట్టుకుని వెంటపడ్డారు. "రండి తాతగారూ, అమ్మమ్మగారిని పడవెక్కించండి" అన్నాడొకడు.

"నేను అమ్మమ్మనీ కాదు, ఆయన తాతా కాదు. నీ పడవ నువ్వే ఎక్కు" అంది మావిస్. వెర్నన్ నవ్వాడు. ఆ నవ్వు చూసి మావిస్‌కి ఆశ పుట్టింది. బల్లమీద కూర్చోబెట్టి గుడ్డు శాండ్‌విచ్ చేతికిచ్చింది. అతను సగం తిని, మిగతా సగం ఆవిడకే ఇచ్చి, "మీరేమీ తినలేదు మేడమ్" అన్నాడు. ఆశ అక్కడే చతికిలబడింది.

తర్వాత అంగడి వీధిలో పూలమ్మేవాళ్ళని దాటుకుని, పుస్తకాల కొట్టు పక్కనున్న ఇరుకు సందులోంచి, అతను తిన్నగా తన కాలేజీ గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. గేటు దగ్గర టోపీ పెట్టుకుని కాపలా కాసే పోర్టరు నిలబడి ఉన్నాడు.

"బ్లాంచర్డ్" అని తన ఇంటిపేరు చెప్పాడు వెర్నన్, ఇంకా ఇక్కడే చదువుతున్నట్టు గొంతు సవరించుకుని. "నదివైపు మెట్లు, పై గది."

పోర్టరు ఆయన్నీ చూశాడు, ఆయన చొక్కా గుండీలు సరిగ్గా లేకపోవడమూ చూశాడు. తెలివైనవాడు. "మీ ఇంటికే వచ్చారు సార్, లోపలికి రండి" అన్నాడు.

మావిస్ గడప దగ్గర ఆగిపోయింది. "ఆడవాళ్ళు రావచ్చా బాబూ?"

"మా కాలేజీ పెద్దే ఆడమనిషమ్మా. ఆవిణ్ణి ఆపితే నా ఉద్యోగం ఊడుద్ది" అని పోర్టరు పక్కకి తప్పుకున్నాడు.

అడగడానికి కారణం ఉంది. అరవై ఏళ్ళు దాటింది. వెర్నన్ ఇక్కడ చేరిన ఏడాది, మావిస్ వలలు అల్లే షెడ్డులో ఒకరోజు సెలవు పెట్టి, ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని, తమ్ముడి కాలేజీ చూద్దామని రైలెక్కి వచ్చింది. వెర్నన్ స్టేషనుకే ఎదురొచ్చాడు. అక్కడి టీ గదిలో టీ తాగించాడు. కాలేజీలోకి ఆడవాళ్ళని రానివ్వరక్కా, రూలు, అన్నాడు. సాయంత్రం రైలెక్కించాడు. ఊళ్ళో గోపురాల కొనలు రైలు కిటికీలోంచి చూసి మావిస్ వెనక్కి వెళ్ళింది. పోనీ, ఊరుకుందా? షెడ్డులో అందరికీ ఆ రూలు గురించే చెప్పుకుంది. ఆడపురుగుని కూడా లోపలికి రానివ్వరే, అంత గొప్ప కాలేజీ మావాడిది, అని. పెళ్ళయ్యాక మొగుడికి చెప్పింది. మొగుడు పోయాక చర్చిలో చెప్పింది. చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువన్నట్టు, పాపం, వాళ్ళంతా విన్నారు.

లోపల నాలుగు పక్కలా రాతి గోడలు, మధ్యన పచ్చిక. వెర్నన్ పచ్చిక తొక్కకుండా అంచునే నడిచి, గోడ పక్కనున్న బెంచీమీద కూర్చున్నాడు. మావిస్ పక్కనే కూర్చుని, అరవై ఏళ్ళుగా తాను వర్ణించి చెప్పిన చోటుని మొదటిసారి చూసుకుంది. అనుకున్నదానికంటే చిన్నగానే ఉంది.

ప్రార్థన మందిరం గడియారం కొట్టింది. వెర్నన్ ఉలిక్కిపడ్డాడు. చేతులు నలుపుకున్నాడు.

"మిసెస్ ప్రిచార్డ్, మీరు నాకొక ఉపకారం చెయ్యాలి."

ఇవాళ్టికి ఈ పేరన్నమాట, అప్పట్లో ఇక్కడ గదులు ఊడ్చిన ఆవిడేమో, అనుకుంది మావిస్. "చెప్పండి."

"స్టేషన్లో మా అక్క కూర్చుని ఉంటుంది. టీ గదిలో. గోధుమరంగు కోటు. నాకు పరీక్ష ఉందని, రాలేనని చెప్పి పంపించెయ్యండి."

మావిస్ అతని వైపు తిరిగింది. అతని నోట అక్క అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. "అంత దూరం నుంచి వచ్చిందే. ఇక్కడికే తీసుకురాకూడదూ?"

"ఆడవాళ్ళని రానివ్వరని చెప్పాను."

"రానివ్వరా?"

వెర్నన్ గొంతు తగ్గించి నవ్వాడు, తప్పు చేసి దొరకని పిల్లాడు నవ్వినట్టు. "ఎందుకు రానివ్వరు? మొన్న మా పక్క గది హ్యూ చెల్లెళ్ళిద్దరూ వచ్చి నా గదిలోనే టీ తాగి వెళ్ళారు. చీకటి పడేలోపు వెళ్ళిపోవాలి, అంతే."

"మరి మీ అక్కకి అలా ఎందుకు చెప్పారు?" అంది మావిస్.

"మా అక్క చేతులు చూడలేదు మీరు. వలలకి పూసే తారు గోళ్ళలో ఉండిపోతుంది, ఎంత తోమినా పోదు. మాట పెద్దది. నోరిప్పిందంటే మేం ఏ చేపల రేవు నుంచి వచ్చామో ఆ చివరి కిటికీ దాకా తెలుస్తుంది. హ్యూ వాళ్ళు నెలరోజులు నవ్వుకుంటారు." బెంచీ అంచు గోకుతూ, "నాకోసం ప్రాణమైనా ఇస్తుంది. ఏం చెప్పినా నమ్ముతుంది. అదే కష్టంగా ఉంది మిసెస్ ప్రిచార్డ్. మీరు వెళ్ళి చెప్పండి. నేను వెళితే నా మొహం చూసి పట్టేస్తుంది" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

ఎనభై మూడేళ్ళ మనిషికి కోపం రాకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. మావిస్‌కి వచ్చింది. ముసలి చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత కోపం వచ్చింది. వీడి పుస్తకాల కోసం, వీడి బూట్ల కోసం ఆ తారులో చేతులు పెట్టింది తనే. వీడి అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించిందీ తనే. ఆ షెడ్డులో తెలివైన ఆడవాళ్ళు కొందరు అప్పుడే గ్రహించి ఉంటారు. గ్రహించి కూడా పైకి అనలేదు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది.

కానీ కోపంతో ఎంతసేపు కూర్చుంటుంది? పక్కన తమ్ముడు గేటు వంకా, గడియారం వంకా చూస్తున్నాడు. అప్పుడు ఆవిడకి ఒకటి తట్టింది. వీడికి మేడమ్ ఎవరో తెలియదు, కానీ స్టేషన్లో ఉన్న అక్క తెలుసు. ఆ అక్క కోటు రంగు కూడా తెలుసు. ఇన్ని నెలలుగా తాను వెతుకుతున్న గుర్తు ఇంట్లో లేదు, ఆ టీ గదిలో ఉంది. అక్కడి నుంచి వస్తే సరి.

"సరే, వెళ్ళి చెబుతాను" అని లేచింది. గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, జుట్టు సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, మళ్ళీ లోపలికి వచ్చింది. పోర్టరు పక్కకి జరిగి దారిచ్చాడు. పచ్చిక అంచున నిలబడి, షెడ్డులో యంత్రాల మోత మీద కేకేసే గొంతుతో పిలిచింది.

"ఒరే వెర్నూ! వచ్చాన్రా!"

ఫొటోలు తీసుకుంటున్న వాళ్ళు తిరిగి చూశారు. వెర్నన్ లేచి నిలబడ్డాడు. చూశాడు. ఆ చూపులో మర్యాద లేదు. మేడమ్ లేదు.

"మావిసక్కా" అన్నాడు.

మావిస్ గోడ పట్టుకుంది. అతను గబగబా వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, తలెత్తి, ఒక్కొక్క కిటికీ వంకా చూశాడు.

"ఎట్టా వచ్చావే లోపలికి? ఎవరు రానిచ్చారు నిన్ను?" లాటిన్ మాస్టారి భాష ఎటు పోయిందో, చేపల రేవు వీధి మాటే నోట్లోంచి వచ్చింది. "నోరిప్పమాకే, నీకు దణ్ణం పెడతా. ఒక్క మాట మాట్లాడమాక. పద, పద."

మావిస్ నోరిప్పలేదు. గేటు దాటారు. సందు దాటారు. అతని వేళ్ళు మోచెయ్యి మీద గట్టిగా ఉన్నాయి, అక్కని పట్టుకున్న వేళ్ళు. జనం లేనిచోట ఆగి, ఇప్పుడు చెప్పాలి అనుకుని, నెమ్మదిగా అంది.

"వెర్నూ, సోమవారం నాడు..."

అతని మొహం ముడుచుకుపోయింది. చుట్టూ చూశాడు. వేళ్ళు సడలాయి. ఆ కళ్ళలో అక్క జారిపోవడం ఆవిడకి కనిపించింది. చప్పున నోరు మూసుకుని, రెండో చెయ్యి అతని చేతిమీద వేసి, మాట్లాడనన్నట్టు తల ఊపింది. వేళ్ళు మళ్ళీ బిగిశాయి.

బేరం అర్థమైంది. మాట్లాడితే మేడమ్. మాట్లాడకపోతే అక్క. గుర్తుపడితే చెబుదామని దాచుకున్న మాటలన్నీ, గుర్తుపట్టాడు గనక, గొంతులోనే ఉండిపోయాయి. మావిస్ అక్కగా ఉండటానికే ఒప్పుకుంది. అంత దూరం వచ్చింది దానికేగా.

బస్సులో ముందు సీట్లో కూర్చున్న చర్చి నేస్తం బెరిల్ వెనక్కి తిరిగి, "ఏం మావిస్, నీ కాలేజీ చూశావా చివరికి? ఆడవాళ్ళని రానిచ్చారా?" అంది. మావిస్ తలూపింది. "ఏంటి, ఎప్పుడూ లేంది మౌనవ్రతం?" అని బెరిల్ నవ్వి అటు తిరిగింది. వెర్నన్ అక్క చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళు ఒక్కొక్కటే చూశాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి, తారు వదిలి ఎన్ని ఏళ్ళయిందో. చూస్తూ చూస్తూ ఆవిడ భుజంమీద నిద్రపోయాడు. మావిస్ ఆ భుజం కదలకుండా, పొలాలు వెనక్కి పోతుంటే, నీళ్ళు కారుతున్న కళ్ళు తుడుచుకోకుండా కూర్చుంది.

ఊళ్ళు చాలా దాటాక వెర్నన్ లేచాడు. ఒళ్ళో ఉన్న చెయ్యి ఎవరిదా అని చూసి, మెల్లగా దాన్ని ఆవిడ వైపు జరిపి, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"నిద్రలో మీ మీద వాలినట్టున్నాను, క్షమించాలి. మీరు ఎక్కడ దిగుతారు మేడమ్?"

ఇప్పుడు మాట్లాడటానికి అడ్డేమీ లేదు.

"గ్రిమ్స్‌బీలోనండీ" అంది మావిస్.