మా అత్త దారానికి వంగిన రోడ్డు

మా ఊరి బస్టాండు నుంచి మార్కెట్టుకి వెళ్ళే రోడ్డు తిన్నగా వెళ్ళి వెళ్ళి, మా మేనత్త కుట్టుమిషను కొట్టు దగ్గర ఒక్కసారి నడుం తిప్పుతుంది. తాగినవాడెవడో గీశాడనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు. ఆ రోడ్డుని వంచింది మా అత్త. నేను చెప్పేదాంట్లో సగం తీసెయ్యండి, మిగిలిన సగం చాలు మీకు.

అత్తకి అక్షరం ముక్క రాదు, అంకెలు అసలే రావు. మెడలో టేపు ఉండేది గానీ, అది సోకుకే. ఎవరొచ్చినా తెల్లదారంతో కొలిచేది. కొస నుంచి మొదటి ముడి దాకా మెడ, రెండో ముడి దాకా భుజం, మూడోదాకా ఛాతీ, నాలుగోదాకా పొట్ట. ఆ దారానికి, వాళ్ళు కుట్టించుకున్న మొదటి చొక్కా గుడ్డలోంచి ఒక పీలిక కట్టి మేకుకి తగిలించేది. నలభై ఏళ్ళలో మూడు గోడలు నిండాయి. కిటికీ తెరిస్తే ఊరు ఊరంతా గాలికి ఊగేది.

ఒకరోజు ఇంజనీరు వచ్చి తలుపు మీద ఎర్రరంగుతో అడ్డగీత గీశాడు.

"రోడ్డు వెడల్పు చేస్తున్నామమ్మా. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

"ఇంతమందిని ఎక్కడికి తీసుకుపోను నాయనా?"

"ఎవరిని? నువ్వొక్కదానివేగా?"

అత్త గోడలు చూపించింది. ఆయన తల గోక్కున్నాడు. "ఊరికి పేరు తెచ్చిన కట్టడాల జాబితాలో ఉంటే ముట్టుకోం. గడియార స్తంభం ఉంది, పాత సినిమా హాలు ఉంది. నీ కొట్టు లేదు."

అత్త నన్ను వెంటబెట్టుకుని తిన్నగా మునిసిపల్ ఆఫీసుకి నడిచింది. ఆవరణలోనే ఉన్న ఛైర్మన్ సంగతి విని పడీపడీ నవ్వాడు. "దారాలు కూడా చరిత్రేనా? అయితే మా ఆవిడ చీపురు కూడా రాయిస్తా!"

అత్త కళ్ళు అక్కడున్న మట్టిబొమ్మ మీద ఉన్నాయి. అది బస్సుల తాత విగ్రహం. ఊరికి మొదటి బస్సు తెచ్చినాయన. ఆయన ఒక పక్క ఎక్కితే, రెండో పక్క పదిమంది ఎక్కితేగానీ బస్సు నిటారుగా నిలబడేది కాదు. పోయి పాతికేళ్ళయింది. మిగిలింది తలకాయ మటుకే పడిన చిన్న ఫొటో. తల కుదిరింది గానీ ఒళ్ళు కుదరక, శిల్పి వారం రోజులుగా మట్టి పెడుతున్నాడు, తీస్తున్నాడు. పక్కన తాత కొడుకులిద్దరూ కొట్టుకుంటున్నారు.

"నాన్న సన్నగా ఉండేవాడు."

"సన్నమా! ఆయన చొక్కాలో మనిద్దరం దాక్కునేవాళ్ళం కదరా!"

"ఇద్దరూ తప్పే," అంది అత్త. "ఒరేయ్ అల్లుడూ, ఖాకీ పీలిక కట్టిన దారం పట్టుకురా. మూడో గోడ, పైవరస."

నేను వెళ్ళిన వేగానికి ఒక చెప్పు ఇప్పటికీ దొరకలేదు. దారం తెచ్చి విప్పుతుంటే నాలుగో ముడి వచ్చేసరికి మేం గేటు దగ్గరున్నాం. శిల్పి ముడి ముడికీ మట్టి వేశాడు. ఛాతీకి రెండు తట్టలు, పొట్టకి తొమ్మిది.

"కుడిభుజం రెండువేళ్ళు దించు," అంది అత్త. "హారన్ కొట్టి కొట్టి దిగిపోయింది."

అప్పుడే తాత భార్య, తొంభై ఏళ్ళావిడ, వెనక గేటులోంచి కర్ర తాటించుకుంటూ వచ్చింది. ఆవిడకి కనపడింది వీపు ఒక్కటే. టక్కున ఆగింది.

"ఏమయ్యోయ్! ఇంకా నిలబడ్డావేంటి? బస్సు టైమవలా?"

ఆవిడ దగ్గరికొచ్చి తడిమట్టి మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. కొడుకులిద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఛైర్మన్ ముక్కు చీది, గొడవ విని ఆఫీసులోంచి బయటికొచ్చిన ఇంజనీరు వైపు తిరిగాడు.

"రాయవయ్యా, జాబితాలో."

"సార్, రోడ్డు తిన్నగా గీసేశాం..."

"గీసినవాడివి వంచలేవా?"

మర్నాటి నుంచి కొట్టు ముందు బారులు తీరారు. మా తాతది చూపించు, మా అమ్మది చూపించు అని. ఒకాయన తన తండ్రి దారాన్ని నడుముకి చుట్టుకుని, గుండీ పట్టనివాడిలా ఉబ్బిపోతూ వీధంతా తిరిగాడు.

విగ్రహం తెర తీసే రోజుకి కోటు కావాలని ఛైర్మన్ కూడా వచ్చాడు. అత్త దారం చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"వదిలెయ్ నాయనా," అంది అత్త. "రేపు నీకూ విగ్రహం పెడితే, ఏ పొట్ట చెయ్యమంటావ్?"